గొంతు దగ్గర అర మిల్లీమీటరు

కొత్తగా హార్న్ స్పీకర్లు చేసుకున్నవాళ్ళ ఇంటికి వెళ్తే పాట పెట్టడానికి ముందే ఒక లాంఛనం ఉంటుంది. "ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి" అంటారు. హార్న్ నోటి అంచు మీద వేళ్ళు పోనిస్తాం. ఎక్కడా ఆగకుండా జారిపోతాయి. ఎన్ని పూతలు వేశారో, ఏ నంబరు గరుకు కాగితంతో ముగించారో, పాలిష్ ఎక్కడ కొన్నారో చెబుతారు. పడ్డ శ్రమంతా అక్కడే కనిపిస్తుంది కాబట్టి మెచ్చుకుంటాం, మెచ్చుకోవాలి కూడా. అయితే ధ్వనికి ఆ నిగారింపుతో దాదాపు పని లేదు. దానికి పట్టింపు ఉన్న చోటు వేలు సరిగా దూరని లోపల, ధ్వని పుట్టించే డ్రైవర్ వచ్చి హార్న్‌ని కలిసే గొంతు దగ్గర ఉంది. ఆ తరవాత గోడ ఎంత మొద్దుగా ఉందన్నది, అతుకులు ఎంత బిగువుగా ఉన్నాయన్నది, చివరికి ఆ హార్న్‌ని దేని మీద ఎలా నిలబెట్టామన్నది. పని గంటలన్నీ నోటి దగ్గర ఖర్చయిపోయి గొంతు దగ్గరికొచ్చేసరికి ఓపిక అయిపోవడం ఇంటి తయారీ హార్న్‌లలో మామూలుగా కనిపించే లోపం.

హార్న్ చేసే పని ముందు చూద్దాం. స్పీకర్ పొర గాలిని నెడుతుందని అంటాం గానీ గాలి అంత తేలిగ్గా నెట్టించుకోదు, పక్కకు తప్పుకుంటుంది. పొర బరువు, గాలి తేలిక. బరువైనది ఎంత ఊగినా తేలికైన దానికి అందే శక్తి కొంచెమే. వట్టి చెయ్యి ఊపితే మొహానికి గాలి తగలదు. అదే చేతిలో విసనకర్ర ఉంటే అదే ఊపుకి తగులుతుంది. హార్న్ పొరకి ఆ పట్టు ఇస్తుంది. సన్నని గొంతులో గాలికి పక్కకు తప్పుకునే దారి ఉండదు, పీడనం పెరుగుతుంది; అక్కణ్ణుంచి దారి క్రమంగా వెడల్పవుతూ ఆ పీడనాన్ని పెద్ద నోటి దాకా మోసుకొస్తుంది. మామూలు స్పీకర్ తనకిచ్చిన విద్యుత్తులో ఒక శాతం అటూ ఇటూగా ధ్వనిగా మారుస్తుంది. మంచి హార్న్ తన పరిధిలో పదుల శాతాల్లోకి వెళ్తుంది. ఒక వాట్ ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే ఇళ్ళలో వాడే స్పీకర్ 87, 90 డెసిబెల్స్ ఇస్తే, హార్న్‌కి బిగించిన కంప్రెషన్ డ్రైవర్ 105 నుంచి 110 దాకా ఇస్తుంది. 20 డెసిబెల్స్ తేడా అంటే నూరు రెట్ల శక్తి. ఇంత సున్నితమైన దాని ముందు చిన్న లోపాలు కూడా దాక్కోలేవు. ఆంప్లిఫయర్‌లో ఇన్నాళ్ళూ వినిపించని బుస కూడా మొదటిసారి వినిపిస్తుంది.

ఈ విద్య పాతదే. 1915లో కాలిఫోర్నియాలోని నాపాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడమ్ అనే ఇద్దరు తమ తీగచుట్ట పరికరానికి గ్రామఫోన్ బూర తగిలించి మాటను వీధిలోకి వదిలారు. 1919లో శాన్ డియాగోలో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ వేలమంది ముందు మాట్లాడింది వాళ్ళ పరికరంతోనే. అదే ఏడాది క్లార్క్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్, తాను 1914లో చదివిన వ్యాసాన్ని అచ్చువేయించాడు. హార్న్ లెక్కలన్నీ ఇవాళ్టికీ అందులోని సమీకరణం నుంచే మొదలవుతాయి. 1926లో వెంట్, థురాస్ రూపొందించిన వెస్టర్న్ ఎలక్ట్రిక్ 555 డ్రైవర్ సినిమాకి గొంతు ఇచ్చింది. దాని ముందు బిగించిన 15ఏ హార్న్ చెక్కతో మెలిదిప్పిన చుట్ట, నోట్లో మనిషి కూర్చోగలిగినంత పెద్దది. మన ఊళ్ళకి మాత్రం హార్న్ అల్యూమినియం రూపంలో వచ్చింది. గుడి మీద, పందిరి గుంజ మీద, టూరింగ్ టాకీసు గేటు మీద కట్టిన మైకు బూరలో దారి లోపలే ముందుకీ వెనక్కీ మడతపడి ఉంటుంది, అందుకే పొడుగు కనిపించదు. దాని రేకు పలచన, కొడితే ఖంగుమంటుంది. పక్క ఊరికి మాట చేరడం దాని బాధ్యత, సన్నాయిలో తేడా తెలియడం కాదు. ఇంట్లో కూర్చుని వినేవాడి కోరిక వేరు.

ఇంట్లో చేసుకోదగ్గ హార్న్ ఒకటి తీసుకుని అంకెల్లో చూస్తే విషయం తేటపడుతుంది. ట్రాక్ట్రిక్స్ అనే వంపు ఉంది. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో క్లాడ్ పెరో తన జేబు గడియారాన్ని బల్ల మీద పెట్టి, గొలుసు చివర పట్టుకుని బల్ల అంచు వెంట లాగుతూ, గడియారం గీసే వంపు ఏమిటని గణిత పండితుల్ని అడిగాడట. హైగెన్స్, లైబ్‌నిట్జ్ దాన్ని తేల్చారు. 1920ల్లో ఇంగ్లండులో పాల్ వాయిట్ ఆ వంపునే హార్న్‌కి వాడాడు. 500 హెర్ట్జ్ దీని కింది హద్దు అనుకుందాం. నోటి చుట్టుకొలత ఆ స్వరపు తరంగదైర్ఘ్యమంత ఉండాలి. ధ్వని సెకనుకి 343 మీటర్లు కాబట్టి తరంగదైర్ఘ్యం 68.6 సెంటీమీటర్లు, నోటి వ్యాసం సుమారు 21.8 సెంటీమీటర్లు. అంగుళం డ్రైవర్ గొంతు 25.4 మిల్లీమీటర్లు. ఈ రెంటి మధ్య ట్రాక్ట్రిక్స్ పొడవు సుమారు 20 సెంటీమీటర్లు వస్తుంది. 18 మి.మీ. ప్లైవుడ్ రింగులు పదకొండో పన్నెండో ఒకదాని మీద ఒకటి అతికి, లోపల తొలిస్తే హార్న్ సిద్ధం. సీఎన్‌సీ మిషను ఉన్నవాళ్ళు అలాగే చేస్తారు, త్రీడీ ప్రింటర్ ఉన్నవాళ్ళు పొరలు పొరలుగా అచ్చు తీస్తారు, లేతు పట్టగల వడ్రంగి దొరికితే అదీ సరే. కింది హద్దు దగ్గర ఏ హార్న్ అయినా తడబడుతుంది కాబట్టి దీన్ని 800 హెర్ట్జ్‌కి పైనో, ఇంకా నయం వెయ్యికి పైనో వాడుకోవాలి.

ఇప్పుడు ఈ హార్న్ గొంతు దగ్గరికి వెళ్దాం. రింగులు తొలిచేటప్పుడో, ఇసుక కాగితం ఎక్కువ రుద్దినందువల్లో గొంతు అరమిల్లీమీటరు చుట్టూ పెద్దదయిందనుకోండి. 25.4 కాస్తా 26.4 అవుతుంది. వ్యాసంలో తేడా చిన్నదే గానీ ధ్వనికి లెక్కలోకి వచ్చేది వైశాల్యం, అది ఒక్క గీత దాటగానే 8 శాతం పెరిగిపోయింది. అదే అరమిల్లీమీటరు నోటి దగ్గర తేడా వస్తే వైశాల్యం ఒక శాతం కూడా మారదు. దారి వైశాల్యం ఠక్కున మారిన ప్రతిచోటా ధ్వనిలో కొంత భాగం వెనక్కి తిరుగుతుంది. తిరిగినది డ్రైవర్ లోపలికి వెళ్ళి, పొరకి తగిలి, మళ్ళీ బయల్దేరుతుంది. కొన్ని స్వరాలను పెంచుతుంది, కొన్నిటిని తగ్గిస్తుంది. వినేవాడికి అది మెట్టు అని తెలియదు, పై స్వరాల్లో ఏదో బిరుసుతనం ఉందని మాత్రం తెలుస్తుంది.

మెట్టుతో పాటు కోణం కూడా కలవాలి. కంప్రెషన్ డ్రైవర్ లోపల కూడా చిన్న హార్న్ ఉంటుంది. పొర ముందున్న సన్నటి చీలికల నుంచి బయటి రంధ్రం దాకా దారి అప్పుడే విచ్చుకోవడం మొదలుపెట్టి ఉంటుంది. మన ట్రాక్ట్రిక్స్ గొంతు దగ్గర గోడ మధ్యగీతతో సుమారు 7 డిగ్రీలు విచ్చుకుని ఉంటుంది. డ్రైవర్ దారి నిటారు గొట్టంలా ముగిసిందా, ఇంకా ఎక్కువ విచ్చుకుని ముగిసిందా అన్నది తయారీదారు ఇచ్చే పటంలో చూసుకుని గొంతు మొదటి రింగుని దానికి తగ్గట్టు కోయాలి. కొన్నాక కొలుద్దాంలే అనుకుని హార్న్ ముందు చేసేస్తే తరవాత లోపలికి లప్పం పెట్టి సర్దాల్సి వస్తుంది. సర్దొచ్చు, కానీ పాతిక మిల్లీమీటర్ల రంధ్రంలో గుండ్రంగా లప్పం సాపు చేయడం ఓర్పుకి పరీక్ష.

ఇక గ్యాస్కెట్. డ్రైవర్‌కీ హార్న్‌కీ మధ్య గాలి కారకుండా పలచని కార్కో రబ్బరో వేస్తాం. దాని రంధ్రం సరిగ్గా గొంతంతే ఉండాలి. చిన్నదైతే లోపలికి పెదవిలా పొడుచుకొస్తుంది, అది తెలిసిన తప్పే. పెద్దదైనా తప్పే అన్నది చాలామందికి తట్టదు. చుట్టూ 6 మి.మీ. వెనక్కి ఉండిపోతే డ్రైవర్‌కీ హార్న్‌కీ మధ్య సన్నని కందకం మిగులుతుంది. 6 మిల్లీమీటర్లు అంటే సుమారు 14 వేల హెర్ట్జ్ తరంగంలో పావు వంతు; ఆ స్వరం దగ్గర కందకం తన పాట తాను పాడుకుని ధ్వనికి గండి కొడుతుంది. దళసరి నురగ టేపు ఇక్కడ పనికిరాదు. ఒక మిల్లీమీటరు లోపు మందమున్న గట్టి కార్కు షీటు తీసుకుని, గొంతు మీదే పెట్టి, లోపలి నుంచి పదునైన బ్లేడుతో కోస్తే సరిపోతుంది.

గోడల సంగతి. పాత ఆల్టెక్ 511బీ, 811బీ హార్న్‌లు పోత అల్యూమినియంవి. వేలి గణుపుతో కొడితే గంట మోగినట్టే. అమెరికాలోనూ జపాన్‌లోనూ వాటిని ఇప్పటికీ ప్రేమించేవాళ్ళున్నారు, వాళ్ళు ముందు చేసే పని హార్న్ వెనక్కి తారు షీటు అంటించడం. అంతకు ముందు తరం మల్టీసెల్ హార్న్‌ల రేకు గూళ్ళకి కంపెనీయే తారులాంటి పూత దట్టంగా వేసేది. గోడ మోగితే పాట ఆగిన తరవాత కూడా ఆ లోహపు స్వరం కొంచెంసేపు మిగిలి ఉంటుంది. చేత్తో కొట్టి చూడటం కంటే మంచి పరీక్ష లేదు: మొద్దు చప్పుడు వస్తే పాసు, స్వరం వస్తే ఫెయిలు. 18 మి.మీ. ప్లైవుడ్ రింగులతో చేసిన హార్న్‌కి ఈ బాధ తక్కువ, దాని గోడే దళసరి. త్రీడీ ప్రింట్ హార్న్‌కి ఎక్కువ, ఎందుకంటే లోపల తేనెపట్టు గదులతో బోలుగా అచ్చు తీస్తారు. దాని వెనక భాగం డొల్లగా వదిలి అందులో పొడి ఇసుక నింపడమో, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయడమో చేస్తే రూపాయల్లోనే రోగం కుదురుతుంది.

చెక్క హార్న్ తియ్యగా పాడుతుందనీ, లోహం గీరగా పాడుతుందనీ, ప్లాస్టిక్‌కి ప్రాణం లేదనీ ఒక నమ్మకం ఉంది. గోడ కదలనంత మొద్దుగా ఉంటే ధ్వనికి తెలిసేది లోపలి ఆకారం మాత్రమే, దేనితో చేశారన్నది కాదు. చెక్క హార్న్‌లు బాగుండటానికి ముఖ్య కారణం వాటిని ఎవరూ పలచగా చేయలేకపోవడం అని నా అభిప్రాయం. టేకు, నల్లమద్ది మీద ప్రేమ ఉంటే వాడుకోండి, కానీ ఘన చెక్కకి తేమతో ఊగే గుణం ఉంటుందని మరవకూడదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేటప్పుడు వార్షిక వలయాల వెంట సుమారు 5.8 శాతం, వాటికి అడ్డంగా 2.5 శాతం కుంచించుకుంటుంది. ఎండిన చెక్క కూడా వానాకాలం కాకినాడలోనూ మే నెల రామగుండంలోనూ ఒకే కొలతలో ఉండదు. రెండు దిక్కుల్లో రెండు రకాలుగా కదిలితే గుండ్రం కాస్తా కోడిగుడ్డు అవుతుంది, డ్రైవర్ కూర్చునే తలం వంకరపోతుంది. ప్లైవుడ్‌లో పొరలు అడ్డంగా పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆ కదలిక చాలా తక్కువ. కంటికి టేకు కావాలనుకునేవాళ్ళు గొంతు వైపు రెండు రింగులు ప్లైవుడ్‌వి పెట్టి, ముందు భాగం టేకు పెట్టుకోవడం తెలివైన రాజీ.

ఇప్పుడు నునుపు. ఎంత నునుపు చాలు? మనిషి చెవికి అందే అతి సన్నని స్వరం, 20 వేల హెర్ట్జ్, తరంగదైర్ఘ్యం 17 మిల్లీమీటర్లు. త్రీడీ ప్రింటర్ వదిలే గాడి ఒక పొరకి 0.2 మి.మీ. అంటే ఆ తరంగంలో 85వ వంతు. అంత చిన్న గరుకుదనాన్ని ధ్వని పట్టించుకోదు. గోడకి ఆనుకుని జిగట వల్ల గాలి కదలక నిలబడే పలచని పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. వెయ్యి హెర్ట్జ్ దగ్గర దాని మందం సుమారు 0.07 మి.మీ. నాలుగు వందల నంబరు కాగితంతో రుద్దిన తలం అప్పటికే దాని లోపల ఉంది. అక్కణ్ణుంచి ఎనిమిది వందలు, వెయ్యి, పన్నెండు వందల నంబర్ల దాకా వెళ్ళేది కళ్ళ కోసం. కళ్ళ కోసం చేసే పని తప్పు కాదు, ఇంట్లో నలుగురి మధ్య పెట్టుకునే వస్తువు. ఎర్ల్ గెడ్డెస్ అనే అమెరికన్ పరిశోధకుడు 1989లో వేవ్‌గైడ్ సిద్ధాంతం మీద వ్యాసం ప్రచురించి, తరవాత తన హార్న్‌ల లోపల గాలి చొరబడే నురగ దిమ్మ నింపాడు. నేరుగా వచ్చే ధ్వని నురగలోంచి ఒక్కసారి వెళ్తుంది, లోపల అటూ ఇటూ తగులుకుంటూ తిరిగేది మాత్రం మళ్ళీ మళ్ళీ నురగలోంచి వెళ్ళి అలసిపోతుంది. ఆ హార్న్ లోపలి పాలిష్ ఎవరికీ కనిపించదు.

గరుకుతనం కంటే అసలు సమస్య రంధ్రాలు. ఎండీఎఫ్ కోసిన అంచు, ప్లైవుడ్ అడ్డకోత, ప్రింట్ పొరల మధ్య సందులు గాలిని పీలుస్తాయి. గొంతు దగ్గర పీడనం ఎక్కువ కాబట్టి అక్కడ గోడ ఊపిరాడేలా ఉంటే పై స్వరాలు కొంత అందులోనే ఇంకిపోతాయి. కాబట్టి పూత మొదటి పని మూసివేయడం, రెండో పని మెరవడం. ఎండీఎఫ్ అంచుకి నీళ్ళు కలిపిన ఫెవికాల్ రాస్తే అది తాగుతుంది, ఉబ్బుతుంది. ఆరాక 150 నంబరు కాగితంతో రుద్ది మళ్ళీ రాయాలి. ఇంకా గట్టి పని కావాలంటే పలచని ఎపాక్సీ పూత. ఆ పైన కారు షెడ్డువాళ్ళు వాడే సర్ఫేసర్ ప్రైమర్, దాని మీద సన్నని లప్పం, మళ్ళీ రుద్దుడు. ప్రింట్ హార్న్‌కి కూడా ఇదే వరుస. గాళ్ళు పూడ్చడానికి ప్రైమర్ రెండు మూడు సార్లు పడుతుంది. లోపలి వంపుని వేళ్ళతో రుద్దితే వేళ్ళ అచ్చులే గుంటలుగా మిగులుతాయి. మందపాటి నురగ ముక్కకి కాగితం చుట్టి, హార్న్‌ని తిప్పుతూ రుద్దాలి. లేతు ఉంటే మరీ మంచిది. నిగనిగలాడే నలుపు వేయాలన్న మోజు ఉన్నవాళ్ళకి ఒక హెచ్చరిక: నిగారింపు ఒక్క లోపాన్నీ దాచదు, వెలుగు వంపు మీద పడగానే ప్రతి గుంటా చూపిస్తుంది. మ్యాట్ రంగు ఎంతో దయగలది. రెండు డబ్బాలు కలిపి స్ప్రే చేసే పీయూ పాలిష్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, గుడ్డ కట్టుకుంటే ఆగవు. తగిన ఫిల్టర్ మాస్కూ గాలీ లేకపోతే ఆ పని పెయింటర్ షెడ్డుకి ఇచ్చేయడం మేలు.

పూత మందం గురించి ఎవరూ చెప్పని సంగతి మళ్ళీ గొంతు దగ్గరే తేలుతుంది. ప్రైమర్, రంగు, లక్కర్ అన్నీ కలిసి పాతిక, ముప్పై వందో వంతుల మిల్లీమీటర్లు అవుతాయి. డ్రైవర్ కూర్చునే తలం మీద ఒక పక్క కారి ఒక పక్క పలచబడితే డ్రైవర్ వంకరగా కూర్చుంటుంది. రంధ్రం లోపల పేరుకుంటే గొంతు ఇరుకవుతుంది. అందుకే రంగు వేసే ముందు ఆ తలాన్ని మాస్కింగ్ టేపుతో కప్పి, అన్నీ అయ్యాక గొంతు వ్యాసం వెర్నియర్‌తో మళ్ళీ కొలవాలి. డ్రైవర్ ఎప్పుడూ చివరనే. అది బిగించి ఉండగా పక్కన చెక్క కోయకూడదు, రుద్దకూడదు. ముఖ్యంగా ఉక్కు పీచు దగ్గరికి రానీయకూడదు. డ్రైవర్ లోపలి అయస్కాంతం ఇనుప రజనుని వెదుక్కుని లాక్కుంటుంది, తీగచుట్ట కదిలే సందు మిల్లీమీటరులో కొంత భాగమే. అక్కడ ఒక్క నలుసు ఇరుక్కుంటే డ్రైవర్ గరగరమంటుంది. బిగించేదాకా డ్రైవర్ నోటికి టేపు ఉంచాలి.

బిగింపు రెండు రకాలు. మరతో తిప్పే డ్రైవర్లకి 1 3/8 అంగుళాల మర, అంగుళానికి 18 చుట్లు ఉంటుంది. చెక్కలో అంత సన్న మర కోస్తే నిలవదు, దుకాణంలో దొరికే లోహపు అడాప్టర్ ఫ్లేంజిని గొంతుకి బోల్టులతో బిగించాలి. అడాప్టర్ అంటే ఇంకో అతుకు, ఇంకో మెట్టు వచ్చే అవకాశం. బోల్టు డ్రైవర్లయితే అంగుళం గొంతుకి సాధారణంగా 76 మి.మీ. దూరంలో రెండు ఎం-6 బోల్టులో, 57 మి.మీ. వృత్తం మీద మూడో. రెండంగుళాల డ్రైవర్లకి సుమారు 102 మి.మీ. వృత్తం మీద నాలుగు. ఇంట్లో చేసేవాడికి బోల్టు రకమే నయం. చెక్కలోకి స్క్రూ నేరుగా దించకుండా ఇత్తడి మర బుష్‌లు ఎపాక్సీతో కూర్చోబెట్టాలి. నాలుగుసార్లు విప్పి బిగిస్తే చెక్క స్క్రూ పట్టు వదులుతుంది, డ్రైవర్‌ని నాలుగుసార్లయినా విప్పకుండా ఎవరూ ఉండలేరు. గొంతుతో డ్రైవర్ సరిగ్గా ఎదురుబడటానికి బోల్టు రంధ్రాలని నమ్మకూడదు, వాటిలో అటూ ఇటూ ఆడే వదులు ఉంటుంది. 25.4 మి.మీ. గుండ్రటి కడ్డీ ఒకటి లేతు మీద తీయించి, హార్న్ లోంచి డ్రైవర్ నోటి అంచు దాకా మాత్రమే వెళ్ళేలా దానికి అడ్డు పెట్టి, అది బిగుతుగా దూరేలా సర్ది అప్పుడు బోల్టులు బిగిస్తే ఇందాకటి అర మిల్లీమీటరు సమస్య అక్కడితో తీరుతుంది.

బరువు గురించి కూడా ఆలోచించాలి. ఫెర్రైట్ అయస్కాంతమున్న డ్రైవర్ కిలోకి పైనే ఉంటుంది, పెద్దవి నాలుగైదు కిలోలు. అది హార్న్ వెనక గాల్లో వేలాడుతూ ఉంటే గొంతు రింగు అతుకుల మీద రోజంతా, ఏళ్ళ తరబడి లాగుతూనే ఉంటుంది. తెల్ల జిగురు అతుకు అలాంటి నిలకడ బరువు కింద మెల్లగా జారుతుంది. పీఎల్ఏ ప్రింట్ అయితే ఇంకా ప్రమాదం, ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. కిటికీ పక్కన, ఎండలో నల్ల రంగు వేసిన హార్న్ ఆ వేడికి ఎంత దగ్గరగా వెళ్తుందో మన వేసవి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అందుకే డ్రైవర్ కింద ఒక చెక్క ఒడి కట్టి బరువు దాని మీద ఆనించాలి, హార్న్ బరువు హార్న్, డ్రైవర్ బరువు ఒడి మోయాలి. మధ్యలో పలచని రబ్బరు ముక్క వేస్తే పెట్టె అదురు డ్రైవర్‌కి ఎక్కదు.

హార్న్ నోరు ఎక్కడ ఆనాలన్నది వంపుని బట్టి ఉంటుంది. ట్రాక్ట్రిక్స్ వంపు నోటి దగ్గర పూర్తిగా విచ్చుకుని మధ్యగీతకి లంబంగా ముగుస్తుంది. అంటే దాన్ని పెట్టె ముందు పలకలో పలకతో సమంగా కూర్చోబెడితే హార్న్ గోడే పలకగా కొనసాగుతుంది, తరంగానికి హార్న్ అయిపోయిందన్న సంగతి ఠక్కున తెలియదు. ఈ వంపుకి అదే సరైన ఇల్లు. అప్పుడు నోటి అంచుకీ పలకకీ మధ్య సందుని లప్పంతో పూడ్చి ఒకే తలంగా రుద్దాలి. నోటి దగ్గర నిజంగా అక్కరకొచ్చే నునుపు ఆ ఒక్క గీత. ఫ్రాన్స్‌కి చెందిన జాన్ మిషెల్ లెక్లెయాక్ పేరున్న వంపు ఇంకా ముందుకెళ్ళి అంచుని వెనక్కి చుట్టేస్తుంది, దాన్ని పెట్టె మీద విడిగా నిలబెట్టాలి, పలకలో దింపితే దాని ప్రయోజనమే పోతుంది. ఏ వంపు లేకుండా పదునైన అంచుతో ముగిసే హార్న్‌ని గాల్లో వదిలేస్తే అంచు దగ్గర తరంగం విరిగి కొంత వెనక్కి, కొంత పక్కలకి పోతుంది. పాల్ క్లిప్ష్ 1940ల్లో ఈ ఆలోచనని గది దాకా సాగదీసి, స్పీకర్‌ని మూలలో పెట్టి రెండు గోడలనూ నేలనూ బాస్ హార్న్ కొనసాగింపుగా వాడుకున్నాడు. 1946లో ఆర్కాన్సాలోని హోప్ పట్టణంలో మొదలైన ఆ కంపెనీ క్లిప్ష్‌హార్న్‌ని ఇప్పటికీ చేస్తోంది.

విడిగా పెట్టెమీద నిలబెట్టేవాళ్ళకి ఒక ఆకర్షణ ఉంది, హార్న్‌ని ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. మన హార్న్ 20 సెంటీమీటర్లు. గొంతు నుంచి నోటి దాకా రావడానికే ధ్వనికి 0.58 మిల్లీసెకను పడుతుంది. వెయ్యి హెర్ట్జ్ స్వరానికి ఒక ఊపు పూర్తవడానికి ఒక మిల్లీసెకను. అంటే నోరూ, కింది స్వరాలు పలికే వూఫరూ ఒకే వరుసలో ఉంటే రెండూ కలిసి మోగే చోట హార్న్ ధ్వని అరఊపుకి పైగా వెనకబడుతుంది, వూఫర్ కోన్ లోతు అందులో కొంత తగ్గిస్తుంది. పాతకాలపు పద్ధతి, వూఫర్‌ని వెనక్కి జరపడమో హార్న్‌ని ముందుకి పొడుచుకొచ్చేలా పెట్టడమో. ఇవాళ కింది స్వరాలనూ పై స్వరాలనూ వేరుచేసి పంపే డిజిటల్ క్రాసోవర్‌తో వూఫర్‌ని ఆ అరమిల్లీసెకను ఆపి పంపితే సరి, హార్న్‌ని పలకలోనే ఉంచుకోవచ్చు. ఆలస్యాన్ని యంత్రానికి వదిలేసి, ఆకారాన్ని వడ్రంగికి వదిలేయడం నా ఓటు. హార్న్‌ని పెట్టె మీద వెనక్కి నెడితే ముందు మిగిలే చెక్క తలం కూడా ధ్వనిని ఎగరేస్తుంది, అక్కడ మందపాటి ఫెల్ట్ పరచాలి. వూఫర్ మధ్య నుంచి హార్న్ మధ్యకి దూరం క్రాసోవర్ స్వరపు తరంగదైర్ఘ్యం దాటకూడదు, వెయ్యి హెర్ట్జ్ దగ్గర 34 సెంటీమీటర్లు. 12 అంగుళాల వూఫర్, ఈ హార్న్ పక్కపక్కన ఆనించి పెడితే అందులో ఇముడుతాయి. మధ్యలో అందానికి జానెడు ఖాళీ వదిలితే ఇమడవు.

అతుకులు బిగువో కాదో తేల్చుకోవడానికి చీకటి గదిలో హార్న్ లోపల చిన్న లైటు పెట్టి బయట చుట్టూ చూడాలి, వెలుగు కనిపించిన చోటల్లా గాలి కూడా కారుతుంది. తరవాత కొలత. కొలతకి వాడే మైకు, రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు, అడుగు స్వరం నుంచి పై స్వరం దాకా ఒక ఊళ పంపి వచ్చిన గీతని చూడాలి. ఆ గీతలో అలలు లెక్కగా వస్తే అవి లోపం చిరునామా చెబుతాయి. అలకీ అలకీ మధ్య సుమారు 850 హెర్ట్జ్ ఉంటే ధ్వని 20 సెంటీమీటర్ల దారిలో వెళ్ళి వస్తోందని అర్థం, అంటే తిరిగి వచ్చేది నోటి నుంచి. అంచునో పలకనో చూసుకోవాలి. అలల మధ్య దూరం నాలుగైదు వేల హెర్ట్జ్ ఉంటే వెళ్ళివచ్చే దారి మూడు నాలుగు సెంటీమీటర్లే, డ్రైవర్ లోపలి నుంచి గొంతు దాకా. డ్రైవర్ విప్పి గ్యాస్కెట్ చూడాలి. ఈ ఒక్క చూపుతో నోటి అంచుని మళ్ళీ నాలుగు రోజులు రుద్దే పని తప్పుతుంది.

మొదటిసారి కరెంటు ఇచ్చే ముందు డ్రైవర్‌కి వరుసలో ఒక కెపాసిటర్ పెట్టడం మరవకూడదు. హార్న్ కింది హద్దు దాటి బాస్ వెళ్తే పొరకి గాలి పట్టు ఉండదు, అది అదుపు తప్పి ఊగి చిరుగుతుంది; డిజిటల్ క్రాసోవర్ ఆన్ చేసినప్పుడు వదిలే ఒక్క ఢమ్‌మనే చప్పుడు చాలు. 8 ఓముల డ్రైవర్‌కి 30, 40 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఆ ప్రమాదాన్ని చాలావరకు ఆపుతుంది, పాటలో తేడా పెద్దగా రానీయదు. కార్కు గ్యాస్కెట్ మొదటి వారాల్లో నలిగి కుదురుకుంటుంది కాబట్టి నెల తరవాత బోల్టులు ఒకదాని తరవాత ఒకటి కొంచెం కొంచెంగా, ఎదురెదురు జంటలుగా మళ్ళీ బిగించాలి. చెక్క హార్న్ అయితే మొదటి వానాకాలం వెళ్ళాక ఇంకోసారి.